మరోదా నీళ్ళ వార్త

ఎవరేం చెప్పినా "నీకెవరు చెప్పారు?" అని అడగడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. వానొస్తుందట అంటే ఎవరు చెప్పారు, ఫలానా వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందట అంటే ఎవరు చెప్పారు. దీనికి మందు లేదని అమ్మ ఎప్పుడో తేల్చేసింది. ఇలాంటి జబ్బున్న వాళ్ళ కోసం ఒక డిగ్రీ ఉందని మాత్రం నాకు 1966 ఎండాకాలంలో, భిలాయి సెక్టారు లైబ్రరీలో హిందీ పేపరు తిరగేస్తుంటే తెలిసింది.

నాగపూర్‌లో ఒక కాలేజీ వాళ్ళు పత్రికల చదువుని మూడేళ్ళ డిగ్రీగా పెడుతున్నారట. వార్త ఎలా పుడుతుంది, ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా నడుస్తుంది, రేడియో విని జనం ఎందుకు నమ్ముతారు, సినిమా చూసి ఎందుకు ఏడుస్తారు, ఇవీ పాఠాలు. ఆ ప్రకటన చదువుతుంటే నాకు నోరూరింది. అప్పటిదాకా నేను తిట్లు తిన్న పనులన్నీ అక్కడ సబ్జెక్టులుగా ఉన్నాయి.

మా నాన్న గురుమూర్తిగారు భిలాయి ఉక్కు ప్లాంటులో నీటి సరఫరా ఇంజనీరు. మరోదా చెరువు నుంచి టౌన్‌షిప్‌లో ప్రతి కొళాయికీ వెళ్ళే నీళ్ళన్నీ తన చేతుల మీదుగానే వెళ్తున్నాయన్నట్టు ఉండేవారు. ఆయన దృష్టిలో చదువులు రెండే రకాలు. ఒకటి బీఎస్సీ, రెండోది బీఎస్సీలో సీటు రాని వాళ్ళు చదివేవి.

"కబుర్లు రాయడానికి డిగ్రీ ఏవిటే? రేపు అరుగు మీద కూర్చోడానికి కూడా ఎమ్మే పెడతారు" అన్నారు.

దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి. దానితో పాటు, మీ ఊళ్ళో జరిగిన ఒక సంగతిని మీరే నలుగుర్నీ అడిగి తెలుసుకుని, ప్రతి మాటా ఎవరు చెప్పారో తెలిసేలా ఒక నివేదిక రాసి పంపాలి. సంతకం దొరక్కపోతే నాకు పక్క ఊరు దుర్గ్‌లో కెమిస్ట్రీ తప్పదు. కెమిస్ట్రీలో ఏదీ ఎవరూ చెప్పరు, అదే జరిగిపోతుంది. నా ప్రాణానికి అది పడదు.

ఈ గొడవ ఇంట్లో నలుగుతుండగానే ఆ గురువారం వచ్చింది.

నేను పొద్దున్నే టైపు పరీక్షకని దుర్గ్ వెళ్ళాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మా సెక్టారు వీధులన్నీ తడిసి ఉన్నాయి. మే నెల, ఆకాశంలో మబ్బు తునక లేదు, రోడ్డు మీద మాత్రం నీళ్ళు. ప్రతి ఇంటి ముందూ బిందెలు బోర్లించి ఉన్నాయి. మరోదా నీళ్ళు పాడైపోయాయని, తాగితే చస్తారని ఊరంతా గుప్పుమంది. ఆడవాళ్ళు ఇంట్లో పట్టుకున్న నీళ్ళన్నీ పారబోసేశారు. కొళాయి మళ్ళీ సాయంత్రానికి గానీ రాదు. పిల్లలు దాహమని ఏడుస్తున్నారు. కొందరు బిందెలు పట్టుకుని పక్క పల్లె కోహ్కాలో బావుల మీద పడ్డారు. ఇదెక్కడి దండయాత్ర అని కోహ్కా వాళ్ళు గుడ్లప్పగించి చూశారట.

నాన్న జీపులో మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగారు. నీళ్ళు బాగున్నాయి, భయపడకండి అని హిందీలో, తెలుగులో అరిచారు. "బాగుంటే అరవడం ఎందుకు?" అన్నారు జనం. చౌరస్తాలో దిగి అందరి ముందూ గ్లాసుడు నీళ్ళు గటగటా తాగారు. ఆ గ్లాసులోవి ఎక్కడి నుంచో తెచ్చుకున్న బావి నీళ్ళన్నారు. చదువుకున్న మనిషి, నిజం చెప్తున్న మనిషి, మైకు కూడా ఉన్న మనిషి, ఆయన్ని ఒక్కరూ నమ్మలేదు. నాకు నాన్న మీద జాలేసింది. ఆ జాలి కంటే ముందు, ఎందుకు నమ్మలేదా అని కుతూహలం పుట్టుకొచ్చింది.

సాయంత్రం గొంతు పోయి ఇంటికొచ్చారు. ఈ పుకారు మీ విభాగం వాళ్ళ వల్లే పుట్టిందేమో కనుక్కుని సంజాయిషీ రాసివ్వమన్నారట పైవాళ్ళు.

"నీ నివేదిక ఇదే" అన్నారు నాతో, అన్నం కలుపుతూ. "ఎవడు పుట్టించేడో కనుక్కో. వాడి పేరు తెచ్చిన రోజున నీ దరఖాస్తు మీద సంతకం పెడతాను. వాణ్ణి మాత్రం వదలను."

అమ్మ ఆయనకి మజ్జిగ పోసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే పెన్సిలు చెవి వెనక పెట్టుకుని బయల్దేరాను. పేపరు వాళ్ళు అలా పెట్టుకుంటారని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

సెక్టారు చివర కిరాణా కొట్టు సూర్యారావుతో మొదలుపెట్టాను. "పాకిస్తానోడు సెరువులో ఇసం కలిపేసినాడమ్మా. మొన్న యుద్దంలో మనోళ్ళు కొట్టినారు గదా, ఆ అక్కసు" అన్నాడు. ఎవరు చెప్పారంటే అప్పలసూరి అన్నాడు.

అప్పలసూరి ప్లాంటులో బొగ్గు కాల్చే కోకోవెన్‌లో పని చేస్తాడు. డ్యూటీ దిగి నిద్రపోతున్నవాణ్ణి లేపాను. "ఇసమని నానెప్పుడన్నాను? మా కాడ యాసిడ్డు గొట్టం పగిలి నీళ్ళల్లో కల్సుంటాదన్నాను. పాకిస్తానోడి ఊసు నాకేటి తెల్సు?" అని కసురుకున్నాడు. అతనికి చెప్పింది ఉతై పల్లె నుంచి వచ్చే పాలవాడు దుకాలూ.

దుకాలూ సైకిలు ఆపి లెంపలేసుకున్నాడు. "నహీఁ దీదీ, యాసిడ్ వాసిడ్ నాకేం తెలుసు? చెరువులో భైంస్ చచ్చిపడి ఉంటుందేమో అన్నాను, అంతే" అన్నాడు. గేదెలతో బతికేవాడికి ఏ కష్టమైనా గేదె రూపంలోనే కనిపిస్తుంది కాబోలు. నీకెవరు చెప్పారంటే, మీ పక్కింటి తివారీ చాచీ అన్నాడు.

నాకు భలే సరదాగా ఉంది. ముందుకి పోయేకొద్దీ వార్త లావెక్కుతుందని అందరికీ తెలుసు. వెనక్కి నడుస్తుంటే అది చిక్కిపోతూ రావడం నేను కళ్ళారా చూస్తున్నాను. విషం యాసిడ్ అయింది, యాసిడ్ గేదె అయింది. ప్రతి మనిషీ తనకి తెలిసిన భయాన్ని కాస్త కలిపి పక్కవాడికి అందించాడు. ఎవడూ అబద్ధం చెప్పాననుకోలేదు.

తివారీ చాచీ బనారస్ వైపు మనిషి. గోడ మీంచి మాకు రోజూ ఏదో ఒకటి అందిస్తూ ఉంటుంది. అడిగితే బిత్తరపోయింది.

"నాకు ఎవరూ చెప్పలేదు బేటీ. నేను చూశాను" అంది.

"ఏం చూశావు?"

"ఇంకేం చూస్తాను? మీ అమ్మని. పొద్దున్న పొద్దున్నే ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ తెచ్చి పెరట్లో పారబోసింది. బిందెలు, బకెట్లు, పెద్ద గంగాళం, తాగే కూజాతో సహా. ఈ ఎండల్లో! వాటర్ ఇంజనీరు సాబ్ భార్యే నీళ్ళు పారబోస్తుంటే ఇంక వేరే చెప్పాలా? నేనూ పారబోశాను. దుకాలూ పాలు పోస్తూ ఎందుకన్నాడు. పానీ ఠీక్ నహీఁ అన్నాను."

"అమ్మని అడగొచ్చుగా, చాచీ?"

"అడుగుదామనే గోడ దగ్గరికి వెళ్ళాను. మిగిల్చుకున్న ఒక్క బకెట్టూ కట్టుబట్టలతో నెత్తి మీంచి పోసుకుంటోంది. ఏడుస్తున్నట్టుంది కూడా. కడుపులో ఏదైనా పోయిందేమో, ఆ నీళ్ళు తాగిందేమో అని ఇంకా భయమేసింది నాకు."

నా పెన్సిలు ఆగిపోయింది. మా వైపు చావు కబురు వింటే ఇంట్లో నిలవున్న నీళ్ళన్నీ పారబోసి, కట్టుకున్న బట్టలతోనే తలమీంచి స్నానం చేస్తారు. మైల. పక్కింట్లో విజయనగరం వాళ్ళెవరైనా ఉండి ఉంటే, ఎవరు పోయారమ్మా అని అడిగి ఊరుకునేవాళ్ళు. మా పక్కింట్లో బనారస్ వాళ్ళున్నారు. వాళ్ళ వైపు ఇలా నీళ్ళు పారబోసే పద్ధతి లేదు. అంతే, ఊరంతా దాహంతో అల్లాడింది.

మరి ఎవరు పోయారు? ఉత్తరం రాలేదు, టెలిగ్రాం రాలేదు. సాయంత్రానికి అమ్మ మామూలుగా మజ్జిగ పోసింది.

వంటింట్లోకి వెళ్ళి అడిగాను. "బల్లి పడిందే" అంది, నా వైపు చూడకుండా.

"అన్నిట్లోనూనా?"

"ఎందులో పడిందో తెలీక అన్నీ పారబోసేను."

"మరి తలస్నానం?"

"ఉక్కపోసింది. నీ ప్రశ్నలు పట్టుకెళ్ళి నాగపూర్‌లో అడుక్కో."

ఎవరు పోయినా అమ్మ బాహాటంగా ఏడవొచ్చు. ఎవరూ వద్దనరు. దాచుకుని ఏడవాల్సిన మనిషి అమ్మకి ఒక్కతే ఉంది. సత్యలక్ష్మి పిన్ని, అమ్మ చెల్లెలు. రైల్వేలో పని చేసే ఒక క్రైస్తవుల అబ్బాయిని పెళ్ళి చేసుకుందని తాతగారు ఆవిణ్ణి వదిలేశారు. ఆ పేరు మన ఇంట్లో వినపడకూడదని నాన్న అన్నారు. నేను చిన్నప్పుడు ఒకసారి ఎత్తితే నాన్న అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. ఎక్కడ ఉందో, ఎలా ఉందో, అన్నీ అడిగే నేను అది మాత్రం మళ్ళీ అడగలేదు.

ఆ గురువారం మా ఇంటికొచ్చిన బయటి మనిషి ఒక్క నూకమ్మే. దుర్గ్ నుంచి పొద్దున్న రైల్లో గంపతో వచ్చి, తెలుగు ఇళ్ళలో ఆకుకూరలు అమ్ముకుని వెళ్తుంది. మొగుడు పోలయ్య రైల్వే గ్యాంగ్‌మన్. సోమవారం ఆమె మా ఇంట్లో గోంగూర ఇచ్చి బయటికి వచ్చేదాకా ఆగి, వీధి మలుపులో పట్టుకున్నాను.

"నూకమ్మా, పోయింది సత్యలక్ష్మి పిన్నేనా?"

ఆమె గంప దించి వేపచెట్టు కింద కూలబడింది. "అమ్మగోరికి ఒట్టేసినానమ్మా, నానేటీ సెప్పను" అంది. చెప్పనంటూనే కళ్ళు తుడుచుకుంది. నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను.

"కామెర్లు తల్లీ. పది దినాలు లెగలేదు. రైలు ఆసుపత్రిలో పెట్టినారు. ఆయమ్మ పెనిమిటి శ్యామసుందర్ బాబు గార్డు కదా, బండి మీదున్నాడు. ఆ బాబు దిగేతలికి అయిపోనాది. బుదోరం పూడ్సినారు. గురువారం పొద్దున్న నానొచ్చి అమ్మగోరి సెవిలో ఏసినాను."

"రైలు ఆసుపత్రంటే ఎక్కడ?"

"ఇంకెక్కడ? దుర్గ్‌లోనే. మా లైను ఎనకాలే ఆళ్ళ క్వార్టరు. అయిదేళ్ళ నుంచీ అక్కడే ఉన్నారు కదా."

నేను టైపు క్లాసుకి వారానికి మూడు రోజులు దిగే స్టేషను అది.

"నిన్ను సూసీది తల్లీ. నువ్వు రైలు దిగి ఎల్తుంటే టేసన్లో గోడ కాడ నిలబడి సూసీది. మా యక్క నడకే వచ్చినాది గుంటకి అనీది. పలకరించమ్మా అంటే, బావగోరికి తెలిస్తే అక్కని తిడతాడు, వొద్దు అనీది." నూకమ్మ ముక్కు చీదింది. "ఇద్దరికీ నానే టపా. కాయితం ముక్క లేదు. అంతా నా నోటితోనే. అక్కకి తల్నొప్పి తగ్గినాదా అని ఆయమ్మ, సెల్లికి ఆవకాయ నచ్చినాదా అని ఈయమ్మ. నువ్వు పేపర్ల సదువు సదూతానంటన్నావని మొన్న సెప్తే ఎంత నవ్వినాదో. అడిగేవోళ్ళు ఒక్కరైనా ఉండాల మా ఇంట్లో, అన్నాది."

మైకులు, రేడియోలు, పత్రికలు చదవాలని నేను నాగపూర్ కలలు కంటున్నాను. ఆకుకూరల గంప పెట్టుకుని ఒక మనిషి అయిదేళ్ళుగా మా పెరటి గుమ్మంలోంచి వార్తలు చేరవేస్తుంటే కనిపెట్టలేకపోయాను. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. నన్ను చూడ్డానికి స్టేషన్ గోడ పక్కన నిలబడిన మనిషిని నేను ఒక్కసారి కూడా చూడలేదు.

నివేదిక రాయడానికి కూర్చున్నాను. మూలం దాకా వెళ్ళిన నివేదిక అది, అలాంటిది ఇంకెవరూ పంపరని నాకు తెలుసు. కానీ ఆ మూలంలో మా అమ్మ ఉంది. చదివేది నాన్న. వాణ్ణి వదలను అన్న నాన్న. నిజం రాస్తే అమ్మ అయిదేళ్ళుగా దాచుకున్నది బయటపడుతుంది. రాయకపోతే తివారీ చాచీ దగ్గర ఆపేయాలి, అప్పుడు నేరమంతా ఆవిడ నెత్తిన పడుతుంది. ఆలోచించి ఆలోచించి, ఇంజనీరుగారి ఇంట్లో నీళ్ళలో బల్లి పడింది, పారబోస్తుండగా పొరుగింటి వాళ్ళు చూసి పొరపాటు పడ్డారు, అని ముగించాను. ఎవరికీ దెబ్బ తగలదు. బల్లి వచ్చి అడగదు.

అమ్మ వరండాలో గోంగూర ఒలుస్తోంది. "ఎంతవరకూ వచ్చింది నీ రాత?" అంది. "అయిపోయింది" అన్నాను. "చదువు" అంది. ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెప్పుకుంటూ పోయాను. పాకిస్తాన్ దగ్గర నవ్వింది, గేదె దగ్గర ఇంకా నవ్వింది. బల్లి దగ్గరికి వచ్చేసరికి చేతిలో కాడ కింద పెట్టేసింది.

"బల్లి అని ఎవరు చెప్పేరు?"

"నువ్వే కదమ్మా."

"నేను అబద్ధం చెప్పేను. అది నీకు తెలుసు. నువ్వు నూకమ్మని పట్టుకున్నావని నాకూ తెలుసు." అమ్మకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "అది పెళ్ళి చేసుకున్న రోజునే మా నాన్న, కూతురు చచ్చిపోయిందని తలస్నానం చేసేసేరు, అది బతికుండగానే. నిజంగా పోయేసరికి దానికోసం స్నానం చేసేవాళ్ళు మా వైపు ఒక్కరూ మిగల్లేదు. నేను చేసేను. పక్క ఊళ్ళో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళలేనిదాన్ని, మంచినీళ్ళు ఇవ్వలేనిదాన్ని, ఇంట్లో నీళ్ళు పారబోసేను. దాని కోసం నేను చేసిందల్లా ఆ ఒక్కటే. దాన్ని కూడా పట్టుకెళ్ళి బల్లికి రాసేస్తావుటే?"

నేను ఆ చివరి పేజీ మడిచాను.

"దాని పేరు రాయి. సత్యలక్ష్మి అని రాయి. పెద్ద పేపరు చదువు చదువుతానంటావు, మీ పిన్ని పోయిందని ఒక్క ముక్క రాయలేవా?"

"నాన్న చదువుతారమ్మా. సంతకం..."

"సంతకం ఆయన పెడతారో మానేస్తారో. అబద్ధం మీద పెట్టిన సంతకం తీసుకుని వెళ్ళి నువ్వేం నేర్చుకుంటావు?"

చివరి పేజీ మళ్ళీ రాశాను. బల్లిని తీసేశాను. గురువారం పొద్దున్న ఇంజనీరుగారి భార్య మీనాక్షి, తన చెల్లెలు సత్యలక్ష్మి పోయిన కబురు విని ఇంట్లోని నీళ్ళు పారబోసింది అని రాశాను. ఆ కబురు బయటికి చెప్పే వీల్లేని ఇల్లు కావడం వల్ల, నీళ్ళని చూసినవాళ్ళు తమకి తోచిన అర్థం చెప్పుకున్నారు అని కూడా రాశాను. ఆ వాక్యం నాన్న చదువుతారు, కానీ అది నిజం.

ఆ సాయంత్రం నాన్న కాఫీ తాగి, కళ్ళజోడు పెట్టుకుని కుర్చీలో కూర్చుని అందుకున్నారు. అమ్మ లోపలికి వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. మొదటి పేజీలకి నాన్న మొహంలో నవ్వు కూడా వచ్చింది. చివరి పేజీకి వచ్చాక నవ్వు పోయింది. ఆ పేజీని పైనుంచి కిందికి మళ్ళీ చదివారు. నా సంగతి అయిపోయిందనుకున్నాను. దుర్గ్, కెమిస్ట్రీ, అన్నీ కళ్ళముందు కనిపించాయి.

"సత్యం పోయిందా?" అన్నారు.

ఇంట్లో పిలిచే పేరు. ఆయన నోట ఆ పేరు వినడం నాకు అదే మొదలు.

"పోయింది" అంది అమ్మ.

"నాకు చెప్పొద్దూ, మీనాక్షీ?"

"చెప్పొద్దని మీరే అన్నారు కదండీ."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మన పెళ్ళికి పొట్టి జడలేసుకుని తిరిగేది. సెలవలకి వచ్చినప్పుడల్లా దానికి లెక్కలు నేనే చెప్పేను" అని ఎవరితోనో అన్నట్టు అన్నారు. తర్వాత దరఖాస్తు అడిగి తీసుకుని, అడుగున సంతకం పెట్టి నాకిచ్చారు. సంజాయిషీ బదులు ఆఫీసులో ఈ నివేదిక నకలే పెడతానన్నారు. నేను లేవబోయాను.

"కూర్చో. ఇది పూర్తవలేదు. నలుగుర్నీ అడిగేవు గానీ ఒకణ్ణి అడగలేదు. ఆ పేరు ఎత్తొద్దన్నవాణ్ణి. అడుగు."

పెన్సిలు తీశాను.

"ఎందుకు వద్దన్నారు నాన్నా?"

"మావగారు వద్దన్నారు, నేనూ అన్నాను."

"తాతగారు పోయి నాలుగేళ్ళయింది కదా. తర్వాత ఎందుకన్నారు?"

ఆయన అమ్మ వైపు చూశారు. "తెలీదు. అలాగే రాసుకో. మార్చకు" అన్నారు.

అలాగే రాశాను. అమ్మ గుమ్మంలోనే కూలబడి, చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తూ గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని తివారీ చాచీ పరిగెత్తుకుని గోడ దగ్గరికి వచ్చింది.

"క్యా హువా? ఎవరు పోయారు?" అని అరిచింది.

నేను జవాబు చెప్పేలోపే నాన్న లేచి గోడ దగ్గరికి వెళ్ళారు. "మేరీ సాలీ. నా మరదలు పోయింది భాభీ" అన్నారు.